పోస్టర్‌లో పైకి లేచిన చేయి

లోయిసా ఊళ్లో, నర్తకి కదలికను బట్టి డోలు మోగే బోంబా నాట్యం నేర్పే నెరేయిదా తన బడి గోడకు పదహారేళ్లుగా ఒక్క పోస్టరే ఉంచింది. డెబ్బయ్యారులో జరిగిన పండుగది. అంచులు పసుపెక్కాయి. తెల్ల పావడా విసురుతూ, తలగుడ్డ చాటున మొహం సగం దాచుకుని, కుడిచేయి నెత్తి మీదికెత్తిన నర్తకి. ఆమె ప్రొవిదెన్సియా పిన్ని అని ఊరందరికీ తెలుసు. నెరేయిదాకు గురువు ఆవిడే.

"ఆ చేయి చూడండే! అలా లేస్తే డోలువాడు చచ్చినట్టు వెంటబడాల్సిందే," అని కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ చెప్పేది.

పిన్ని చనిపోయిన నెల రోజులకు ఆవిడ భర్త సెనోన్ పావడాల మూట పట్టుకొచ్చాడు. చర్చిలో బైబిలు చదివే పెద్దమనిషి. డోలు వినబడితే వీధి మారతాడు. బడి గడప తొక్కడం అదే మొదలు. మూట దించి, తలెత్తి, గోడ చూసి కొయ్యబారిపోయాడు.

"ఇదింకా బతికే ఉందా! కనబడ్డవన్నీ చింపేశానే!"

"అయ్యో, పిన్ని బొమ్మని చింపడమేంటి బాబాయ్?"

"పిన్నెక్కడమ్మాయ్! అది నేను."

నెరేయిదా నవ్వబోయి ఆగింది. ఆయన మొహంలో నవ్వు లేదు.

"మీ పిన్నికప్పుడు తొమ్మిదో నెల. కాళ్లు వాచి మంచం దిగలేదు. పోస్టరుకి ఫోటో తీసేవాడేమో వాకిట్లో కూచున్నాడు. తన అడుగులన్నీ తెలిసింది నాకొక్కడికే. మీసం గీసేసి, పావడా కట్టి బయటికి తోసింది."

నెరేయిదా పోస్టరు దగ్గరికెళ్లి వేలు పెట్టి చూపించింది. "మరి... ఆ చేయి?"

"చేయేముంది? తలగుడ్డ జారింది. బట్టతల బయటపడుతుందని పట్టుకున్నా."

ఈ పదహారేళ్లలో రెండు వందల మంది పిల్లలకు నెరేయిదా అదే నేర్పింది! నిరుడు పండుగలో వీధి పొడుగునా లేచింది ఆ చేయే.

"పిన్ని ఒక్కసారైనా అనలేదే!"

"ఊరంతా మెచ్చుకుంటుంటే ఏమంటుంది? ఆడిన ప్రతిసారీ అదే చెయ్యమనేవాళ్లు. ఇంటికొచ్చి నన్ను తిట్టేది, 'నీ బట్టతల మూలాన నా భుజం పడిపోయింది' అని."

అంతలో పిల్లలు వచ్చారు. నెరేయిదా దాచలేకపోయింది, అంతా చెప్పేసింది. ఒక్కరూ నవ్వలేదు. నోళ్లు తెరుచుకుని ముసలాయన్ని చూస్తుండిపోయారు.

డోలు మొదలైంది. ఆ ఘట్టం దగ్గరికొచ్చేసరికి చేతులన్నీ నడుము దగ్గరే ఆగిపోయాయి. ఎత్తమనాలో వద్దనాలో నెరేయిదాకూ తోచలేదు.

గుమ్మంలో నిలబడ్డ సెనోన్ గొంతు సవరించుకున్నాడు.

"ఎత్తండమ్మా. నేనెత్తింది ఒక్కసారి, అదీ భయంతో. మీ టీచరుకి నేర్పినావిడ నలభయ్యేళ్లు ఎత్తింది. అది ఆవిడదే."