ఊఁ కొట్టిన గొంతు

తడిగుడ్డ పిండి సోములమ్మ ఇంకో బెంచీ అందుకుంది. ముక్కుకు రెండు పక్కలా పోగులు, నుదుట పచ్చబొట్టు, మడమల నిండా పగుళ్లు. పాడేరులో ఆ హాలు పెళ్లికిచ్చినా మీటింగుకిచ్చినా ఊడ్చేదీ, నీళ్లు మోసేదీ ఆవిడే. పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ.

ఆ ఏడాది కొండల మీద చోళ్ల పంట ఎండిపోయింది. ఆషాఢం వచ్చేసరికి ఊళ్లకు ఊళ్లే మామిడి టెంకల అంబలితో ప్రాణం నిలుపుకుంటున్నాయి. అందుకని ఇక్కడి రచయితలు కథలు చదువుతారట, వినేవాళ్లు టిక్కెట్టుకు బదులు బియ్యం తేవాలట. మంచి ఆలోచనే, కాదనడానికి మనమెవరం! మధ్యాహ్నానికి మూటలు గోడవారన గుట్టపడ్డాయి. జీపూ వచ్చింది. అది వెళ్లేది జి.మాడుగుల పైనున్న సోములమ్మ సొంతూరికే. అక్కడ ఆమె కూతురు చిన్నమ్మలు, పచ్చి బాలింత, అంబలి కూడా ఇమడక పడి ఉందని సంతలో కబురు తెలిసింది.

సభ పెట్టిన సన్యాసిరావు దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడింది.

"బాబూ, మూటలెక్కించేసి జీపు బేగి పంపించేయండి. గెడ్డ పొంగిపోనాదంటే మరి దాటనేరు. మా గుంట ఆకలితో పడుంది."

"ఏటి సోములమ్మా, అంత తొందర? కథలైపోనాక అందరం నిలబడి సాగనంపుతాం. ఫొటో తీయించాల. నువ్వెల్లి టీ సంగతి సూడు."

ఫొటోట! ఆకలికి ఫొటో ఏం తెలుస్తుంది? అతను చెడ్డవాడేం కాదు, ఆకలి ఎరగనివాడు, అంతే.

పోస్టుమాస్టరు వరహాలరావు కళ్లజోడు సర్దుకుని కథ మొదలుపెట్టాడు. కొండ ఊళ్లో ఒక బాలింత, ఆరిన పొయ్యి ముందు కూర్చుని బియ్యం కోసం ఎదురుచూస్తోంది. జనం గుడ్లప్పగించి వింటున్నారు. ఒక్కరూ నోరు మెదపడం లేదు.

సోములమ్మ గుమ్మం దగ్గరికి జరిగింది. వాళ్ల ఊళ్లో కథ చెబితే ఎవరో ఒకరు ఊఁ కొట్టి తీరాలి. ఊఁ ఆగిపోతే కథలో మనిషి దారి మధ్యలోనే నిలిచిపోతుందని, ముందుకూ వెనక్కూ పోలేదని భయం.

"ఊఁ," అంది గుమ్మం దగ్గర్నుంచి.

తలలన్నీ అటు తిరిగాయి. ఎవరో నవ్వారు. సన్యాసిరావు గబగబా వచ్చాడు.

"ఇది సభమ్మా! బయటికెల్లు."

"ఎవురో ఒకరు ఊఁ కొట్టాల బాబూ. నేకపోతే ఆ గుంట ఆగిపోద్ది."

వినిపించుకోలేదు. సోములమ్మ కళ్లొత్తుకుంటూ బయటికొచ్చి, రేకు కింద టీ పొయ్యి ఎగదోసింది. వాన మొదలైంది. కొండ మీంచి మంచు దిగి హాలు గోడల్ని ఆనుకుంది.

లోపల్నుంచి ఎవరో అన్నారు: "ఊఁ."

అమ్మయ్య, ఒకరికైనా తెలిసింది! మళ్లీ "ఊఁ". వాక్యం వాక్యానికీ సన్నగా, ఎండిన గొంతుతో. చివర కాస్త ముక్కుతో సాగదీసి. సోములమ్మ చేతిలో గిన్నె జారిపడింది. పసిదిగా ఉన్నప్పుడు చిన్నమ్మలు అచ్చం అలాగే ఊఁ కొట్టేది.

పరుగెత్తుకెళ్లి గుమ్మం పట్టుకుంది. గొంతు వస్తున్నది చివరి బెంచీ నుంచి. అక్కడ ఎవరూ లేరు. ఇప్పుడెవరూ నవ్వడం లేదు. వరహాలరావు నుదుటి మీద చెమట. గుటక వేయడానికి ఆగితే, తర్వాతేమిటని అడిగినట్టు మళ్లీ "ఊఁ". ఆయన ఆఖరి కాగితం వంక చూశాడు. అది చదవలేదు. మడిచి జేబులో పెట్టుకుని, ఖాళీ బెంచీకేసి చూస్తూ నోటితోనే చెప్పాడు.

"బియ్యం వచ్చాయి తల్లీ. వండుకుంది. కడుపునిండా తింది."

ఆ తర్వాత ఊఁ వినిపించలేదు.

అప్పుడొచ్చాడు బుధు, సోములమ్మ అన్న కొడుకు, నిలువునా తడిసి.

"అత్తా, చిన్నమ్మలు పొద్దున్నే ఎల్లిపోనాది. పిల్ల బతికుంది. పాలకేడుత్తంది. గెడ్డ ఇంకా దాటొచ్చు, రాయే."

ఫొటో మాట ఎవరూ ఎత్తలేదు. సన్యాసిరావే మూటలు భుజానికెత్తుకుని జీపులో పడేశాడు. సోములమ్మ ఏడవలేదు. ఇప్పుడేడిస్తే పిల్లకెవరు దిక్కు? బియ్యం మీదే కూర్చుంది. జీపు మంచులోకి వెళ్లిపోయింది.

జనం వెళ్లాక సన్యాసిరావు తలుపులు వేయబోయాడు. ఆ రోజు అక్కడ ఎవరూ అన్నం వండలేదు, ఎవరూ తినలేదు. చివరి బెంచీ మీద మాత్రం అడ్డాకు దొప్ప ఒకటి ఉంది, అడుగున ఒక్క మెతుకు అంటుకుని, ఇంకా వెచ్చగా.