గుమ్మడికాయ కత్తి

బూడిద గుమ్మడికాయను ఆడవాళ్ళు కొయ్యకూడదట. ముందు మగవాడి చెయ్యి పడాలట. ఆ ఒక్క వేటూ పడ్డాక గింజలు తియ్యడం, సన్నగా తరగడం, ఉప్పేసి మూటకట్టి పైన రాయి పెట్టడం, తెల్లవారకుండా లేచి పిండి రుబ్బడం, ఎండలో కూర్చుని వడియాలు పెట్టడం, కాకుల్ని తోలడం అన్నీ ఆడవాళ్ళే చెయ్యొచ్చు. ఈ శాస్త్రం రాసినవాడెవడో గానీ, వాడికి వడియాలంటే మహా ఇష్టమై ఉంటుంది.

మా ఇంట్లో మగవాళ్ళు లేరు. నాన్న పోయి పదకొండేళ్ళయింది. నేను పెళ్ళి చేసుకోలేదు. అశోక్ నగర్‌లో రెండో అంతస్తు ఫ్లాట్లో నేనూ మా అమ్మ రత్నమాలా ఉంటాం. నాకు నలభై తొమ్మిది, నారాయణగూడలో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో అసిస్టెంటుని. అమ్మకి డెబ్బై ఆరు. నాన్న పోయినప్పటినుంచీ ప్రతి మాఘమాసంలోనూ అమ్మ గుమ్మడికాయను చంటిపిల్లలా చంకనేసుకుని, పై అంతస్తులో ఉండే భానుప్రకాశ్ గారి తలుపు కొడుతుంది.

పోయినేడు కాలేజీ నుంచి వస్తూ మెట్ల మలుపులో ఆ దృశ్యం చూశాను. భానుప్రకాశ్ చెవిలో ఇయర్‌ఫోన్‌తో తలుపు తీశాడు. "మీటింగులో ఉన్నానాంటీ, పిలుస్తాను," అని తలుపేశాడు. ఇప్పుడే పిలుస్తాడనుకుని అమ్మ ఆ ఐదు కిలోల కాయతో అక్కడే నిలబడింది. నేను పైకెళ్ళి కాయ లాక్కునేదాకా నిలబడే ఉంది. ఆయన రెండు రోజుల తరవాత పిలిచాడు. ఈలోగా నానబోసిన మినప్పప్పు పులిసిపోతే పారబోశాం.

పప్పు పోతే పోయింది. మా అమ్మ ఒకరి గుమ్మంలో అలా నిలబడటం చూసి నాకు కడుపు మండింది. మళ్ళీ మాఘం వచ్చేసరికి మా కాయ మా ఇంట్లోనే, నా చేత్తోనే తెగాలని అప్పుడే అనుకున్నాను. కానీ కొయ్యడానికి కత్తేదీ? మా వంటింట్లో ఉన్నవన్నీ టమాటాకి కూడా భయపడే రకం.

నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర పాత ఇనుప సామాన్ల తోపుడుబండి మీద దొరికింది. జానెడున్నర పొడుగు, మందమైన వీపు, ఒళ్ళంతా తుప్పు, సగం ఊడిన పిడి. చేతిలోకి తీసుకుంటే ఆ బరువుకే తెలిసింది, లోపల మంచి ఇనుముందని. ఇంటికి తెస్తే అమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"ఎవరి చేతి కత్తో ఏమో. ఏం కోశారో ఏమో. మాంసం కొట్టులోదైతే? వంటింట్లోకి తేకు వందనా."

"సరే, బాల్కనీలో ఉంటుంది. దాంతోపాటు నేనూ అక్కడే ఉంటాను," అన్నాను.

అన్నట్టే ఉన్నాను. చింతపండు పులుసులో నానేసి, గరుకు కాగితంతో నాలుగు ఆదివారాలు రుద్దితే తుప్పంతా పోయింది. అంచు తియ్యడానికి ఆన్‌లైన్‌లో గ్రైండర్ తెప్పించాను. "ఇంట్లో గ్రైండర్ ఉండగా ఇంకోటెందుకే, ఇడ్లీలు తినేది ఇద్దరమేగా," అంది అమ్మ. స్విచ్చి వేశాక ఆ నిప్పురవ్వలు చూసి గుమ్మం లోపలికి తప్పుకుంది. నేను కత్తిని దానికేసి గట్టిగా అదిమాను. కాసేపటికి అంచు వెంట నెమలి మెడ రంగు పాకింది. ఎంత బాగుందో అనుకుని ఫోటో కూడా తీశాను. ఆ తరవాత కొబ్బరిచిప్ప మీద ఒక్క వేటు వేస్తే అంచు కాగితంలా మడత పడింది.

"అక్కా, నీలం తిరిగిందా ఏంది?" అని, నిప్పురవ్వలు చూస్తూ కింద ఆగిన బీరమ్మ అడిగింది. మా పక్కన పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కడుతున్నారు. బీరమ్మా, ఆమె మొగుడు ఈదయ్యా అక్కడే రేకుల షెడ్డులో ఉంటూ పనిచేస్తున్నారు. పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు.

"తిరిగింది. తిరిగితే ఏమిటి?"

"ఏమున్నది, దాని పానం పోయినట్టే. ఇగ ఎంత సాన పట్టినా అంచు నిలువది. నీళ్ళల్ల ముంచుకుంట ముంచుకుంట పట్టాలె అక్కా, గట్ల ఒత్తిపట్టొద్దు."

ఇరవై ఆరేళ్ళుగా ఫిజిక్స్ ల్యాబ్‌లో ఉన్నదాన్ని. సిగ్గుతో చచ్చిపోయాను. "నీకెలా తెలుసు బీరమ్మా?" అన్నాను.

"మా అమ్మగారింటి పక్కకే కొలిమి ఉండె. చిన్నప్పుడు కూలికి తిత్తి ఊదిన. జర పెద్దగైనంక సమ్మెట గూడ కొట్టిన. పరేషాన్ గాకు, అగ్గిల పెడితే పానం మల్ల వస్తది."

ఆ తరవాతి ఆదివారం పొద్దుగూకే వేళకి కిందికి దిగాను. బీరమ్మ ఇటుకలు పేర్చి గుంట చేసి ఉంచింది. బొగ్గులు చిక్కడపల్లిలో ఇస్త్రీ బండి మాసయ్యని అడిగి తెచ్చాను. తిత్తి బదులు నా హెయిర్ డ్రయ్యర్. దాని మూతి కరిగిపోకుండా ఈదయ్య ఒక ఇనుప గొట్టం అడ్డం పెట్టి, వైరు లాగి ఇచ్చాడు. తలెత్తి చూస్తే అమ్మ బాల్కనీలో ఉంది.

"రేగుపండు రంగు రావాలె. వచ్చినంక ఆగొద్దు," అంది బీరమ్మ. మొదటిసారి నేను పట్టకారుతో తీసి అటా ఇటా అని చూసేసరికి చల్లారింది. డబ్బాలో పోసి ఉంచిన ఆముదంలో ముంచినా లాభం లేకపోయింది, ఆకురాయితో గీస్తే గీత పడింది, అంటే ఇనుము గట్టిపడలేదు. "మల్ల పెట్టు," అంది. రెండోసారీ ఆలస్యమే. మూడోసారి ఆమె "ఇగ తియ్యి" అన్న మాట పూర్తికాకముందే ముంచాను. ఆముదం భగ్గుమని పొగ కక్కింది. ఈసారి ఆకురాయి గాజు మీద పోయినట్టు జారిపోయింది. చెయ్యి మంటపుట్టి బొబ్బ తేలింది గానీ నాకు ఎగరాలనిపించింది.

"గప్పుడే అయిపోలే," అంది బీరమ్మ. "గిట్లనే ఇడిస్తే పెంకు లెక్క ఇరుగుతది. తోమి, సన్నసెగ మీద ఎండుగడ్డి రంగు దాక కాగనియ్యాలె. నీలం దాక పోనిచ్చినవనుకో, మల్ల మొదటికొస్తది." ఎండుగడ్డి రంగు దగ్గర నేనే ఆపాను. ఆమె తలాడించింది.

పైకి వచ్చాక అమ్మ అడిగింది. "అగ్నిలో వేశారా?"

"ఎర్రగా కాలేదాకా. మూడుసార్లు."

"అయితే ఇంక మైలేముంది. కడిగి లోపల పెట్టు."

నెలకి పైగా వాదించి నేను గెలవలేనిది నా తప్పే గెలిపించింది. అంచు చెడగొట్టి ఉండకపోతే ఆ కత్తి జన్మంతా బాల్కనీలోనే ఉండేది.

పిడికి ఈదయ్య పక్కన పడగొట్టిన పాత ఇంటి ద్వారబంధం లోంచి టేకు ముక్క ఇచ్చాడు. నా అరచేతికి కొలత పెట్టుకుని చెక్కి, రాగి రివెట్లు కొట్టాను. ఈసారి అంచు నీళ్ళలో ముంచుకుంటూ ముంచుకుంటూ, చేత్తోనే సాన పట్టాను.

మాఘం వచ్చింది. శనివారం సాయంత్రం పేపరు పరిచి కాయ పెట్టాను. కత్తి తీస్తుంటే అమ్మ మెల్లిగా అంది, "పొద్దున పైకెళ్ళి చెప్పొచ్చాను. ఆరింటికి వస్తానన్నారు."

ఒళ్ళు మండిపోయింది. "మళ్ళీ వెళ్ళావా? ఇన్నాళ్ళూ నేను చేసిందేమిటి మరి?"

"శాస్త్రం కాదనలేం కదే."

"నేను కాదంటాను." గడియారం ఐదున్నర చూపిస్తోంది. పీట మీద కూర్చున్నాను.

"ఆగు," అంది అమ్మ. "కత్తి కింద పెట్టు."

మా ఇంట్లో కత్తి చేతికివ్వరు, గొడవలొస్తాయని. నేల మీద పెడితే అవతలివాళ్ళు తీసుకుంటారు. దాచేస్తుందనుకున్నాను. అయినా అమ్మ గొంతులో ఏదో ఉండి, పెట్టాను. అమ్మ వంగి కత్తి తీసుకుని, మోకాళ్ళ నొప్పితో మెల్లిగా నా ఎదురుగా చతికిలబడింది.

"దోషమంటూ ఉంటే నాకు తగలనీ. నువ్వింకా బతకాల్సినదానివి. కాయ కదలకుండా పట్టుకో."

పట్టుకున్నాను. అమ్మకి భయంగానే ఉంది, పెదాలు ఏదో జపిస్తున్నాయి. నా అరచేతికని చేసిన పిడిని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకోకుండా ఒక్క వేటు వేసింది. కత్తి సగం దాకా దిగింది. రెండో వేటుకి కాయ రెండు చెక్కలై పడింది. అమ్మ చేతుల నిండా, చీర నిండా తెల్లటి బూడిద. నా కోపం ఏమైందో తెలీదు, ఏడుపొచ్చింది.

అంతలో బెల్లు మోగింది. అమ్మే లేచి వెళ్ళి తలుపు తీసింది. భానుప్రకాశ్, చేతిలో పేపర్లో చుట్టిన కత్తితో.

"కాయ ఏదాంటీ? నాకు ఏడింటికి కాల్ ఉంది."

"చెయ్యి పడిందండీ. రెండు ముక్కలు పంపిస్తాను, దప్పళంలో వేసుకోండి."

ఆయన గుమ్మం దగ్గర మగవాళ్ళ చెప్పుల కోసం చూశాడు. కిందికెళ్ళి బీరమ్మకి ముక్కలిచ్చి రావాలని తీసిపెట్టుకున్న నా చెప్పులు తప్ప ఏమీ లేవు.

"ఎవరు కోశారు?"

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టని సామెత. అమ్మ ఎడమ భుజం మీద బూడిద తెల్లగా కనిపిస్తూనే ఉంది. అమ్మ తడుముకోలేదు.

"నేనే," అంది.