పేషెంట్ తరఫు వాళ్ళు

చిన్నమ్మ చేతి గాజులు తీయించాలి, మెడలో పుస్తెలతాడు విప్పించి నా కొంగున ముడేసుకోవాలి, స్కాన్‌కు ముందు తాగాల్సిన నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించాలి, పాత ఫిల్ములు మడత పడకుండా పట్టుకోవాలి, లోపలికి పిలిస్తే ఆమెకంటే ముందు నేనే పోవాలి, డాక్టరు నోట ఆ మాట వస్తే అది చిన్నమ్మ చెవిన పడకుండా చూడాలి. ఇవన్నీ నాకు ఎవరు చెప్పారో తెలియదు, గాజులు మాత్రం అప్పటికే నా చేతిలో ఉన్నాయి, చిన్నమ్మ పోయిందన్న సంగతీ నాకు తెలుసు, అయినా ఆమె ఎదురుగా బల్ల మీద కూర్చొని, చీర మీద ఆసుపత్రి పచ్చగౌను వేసుకొని, చిన్నపిల్లలా కాళ్ళూపుతూ ఉంది. మా అమ్మకు చెల్లెలు ఆమె. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే కాబట్టి ఆమె వెంట ఆసుపత్రికి ఎప్పుడూ నేనే.

ఇది పట్నంలో పెద్దాసుపత్రి హాలే, కానీ కుర్చీల వరుసల మధ్య సిరిసిల్లలో మా వాడకట్టు సాంచాలు నడుస్తున్నాయి, బట్ట నేసే ఆ చప్పుడూ స్కాన్ మిషన్ చప్పుడూ ఒకటే అయిపోయి ఏది ఏదో తెలియడం లేదు, మిషన్ గుండ్రటి నోట్లోంచి మనిషికి బదులు తెల్లటి పాలిస్టర్ గుడ్డ తానులు తానులుగా వస్తోంది, దాని మీద ఎవరెవరి పక్కటెముకలో నీడల్లా పడి ఉన్నాయి, మనుషులు వాటిని తొక్కుకుంటూ పోతున్నారు. గోడ మీద పెద్ద బోర్డు, నవ్వుతున్న ముసలమ్మ బొమ్మ, కింద "మీ మాటే మాకు ముఖ్యం" అని అక్షరాలు. ఆ బోర్డు కిందనే నిలబడి నర్సు అరుస్తోంది, "బాలామణి తరఫు వాళ్ళెవరు? పేషెంట్ వద్దు, పేషెంట్ తరఫు వాళ్ళు రండి."

చిన్నాయన లేస్తాడు, వెనకే ఆయన అక్క నర్సవ్వ అత్తమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని లేస్తుంది, ఆమె రెండో చేతిలో స్టీలు కంచం ఉంది. ఆ కంచం నాకు బాగా తెలుసు. వేరేవాళ్ళ కంచాల్లో కలిసిపోకుండా దాని అడుగున ఎర్రటి గోళ్ళరంగుతో బొట్టు పెట్టింది ఈమెనే. క్యాన్సర్ ఎంగిలితో అంటుకుంటుందని ఆమె నమ్మకం, ఇంటిల్లిపాదినీ నమ్మించింది, చిన్నమ్మ చీరలు కూడా వేరే బకెట్లో నానేవి. చూస్తుండగానే హాల్లో అందరి ఒళ్ళోనూ ఎర్రబొట్టు కంచాలే కనిపిస్తాయి. చిన్నమ్మ పుండు వాసన నాకు కొత్త కాదు, కట్టు మార్చేటప్పుడు దగ్గరుండి చూసినదాన్ని, చీము తుడిచినదాన్ని, నాకు ఒక్కరోజూ వాంతి రాలేదు. ఈ బొట్టును మాత్రం చూడలేక ముఖం తిప్పుకుంటాను.

"అత్తమ్మా, ఆ కంచం అవతల పారెయ్యి" అంటాను.

"అవ్, పారేస్త. రేపు నీకంటితే నీ పెండ్లెట్లయితదే?" అంటుంది కొంగు తీయకుండానే.

డాక్టరు గది ఎప్పుడు వచ్చిందో, మేం లోపలే ఉన్నాం. అసలైతే వరండాలో నన్ను ఆపి ఈ మాటలు చెప్పిన చిన్న డాక్టరమ్మ ఇక్కడ పెద్ద డాక్టరు కుర్చీలో కూర్చొని ఉంది, గడ్డలోంచి చిన్న ముక్క తీసి అది ఏ రకమో కనిపెట్టి దానికి తగ్గ మందే ఇస్తున్నామని, అందరికీ ఒకటే మందు పోసే రోజులు కావని, తొందరగా వచ్చినవాళ్ళు నయమై ఇళ్ళకు పోతున్నారని చెబుతుంది. ఒక రక్తపరీక్షతో ఇంటి ఆడవాళ్ళకు ఈ జబ్బు వచ్చే వీలు ఎక్కువ ఉందో లేదో తెలుస్తుందని, కూతురు ఉంటే తప్పకుండా చెప్పమని అంటుంది. ఆమె చెబుతున్నదంతా గాలిలో తేలి చిన్నాయన తల మీద దూదిలా వాలుతుంటే ఆయన చేత్తో దులుపుకుంటాడు. "కూతురుకు వద్దమ్మా. భివండీల వాళ్ళ అత్తగారింట్ల తెలిసిందంటే పిల్లను మా గుమ్మంల దింపిపోతరు."

నేను బయటికి వస్తాను, లేక హాలే లోపలికి వస్తుంది. చిన్నమ్మ అదే బల్ల మీద ఉంది.

"ఏమన్నది బిడ్డా డాక్టరమ్మ?"

నేను నిజం చెబుదామనే నోరు తెరుస్తాను, కానీ నోట్లోంచి పాతమాటే దానంతట అది జారుతుంది. "అల్సరంట చిన్నమ్మా. మందులు వాడితే తగ్గుతదంట."

"రొమ్ముల అల్సరా?" చిన్నమ్మ పొట్ట పట్టుకొని నవ్వుతుంది. "డిగ్రీ సదివినవ్ గదనే స్రవంతీ, గీ ముచ్చట ఏ పుస్తకంల ఉన్నది?"

"ఏయ్, మెల్లగ" అంటాడు చిన్నాయన ఎక్కడినుంచో, "పేషెంట్ ముందల గవన్నీ మాట్లాడొద్దు."

"నీకు తెలుసా చిన్నమ్మా?"

"మొదటిసారి మందు ఎక్కిచ్చిననాడే తెల్సింది. పక్క మంచపామె అడిగింది, నాకు గర్భసంచిల, నీకేడ, అని. మీ పొలం ఏడున్నదమ్మా అని అడిగినట్టు అడిగింది. నేనూ చెప్పిన. ఆ వార్డుల ఎవ్వలం దాసుకోలే. మా ముచ్చట్లు మీకేం తెల్సు, మీరందరు బయట వరండాల ఉంటిరి."

"మరి మాకెందుకు చెప్పలే?"

"మీరు గంత కష్టపడి నాటకమాడవడ్తిరి. మీ చిన్నాయన బయటికివోయి ఏడ్సి, మొఖం కడుక్కొనొచ్చి, అల్సర్ తగ్గుతదే అనవట్టె. నవ్వాపుకోలేక సచ్చిన." నవ్వడం ఆపుతుంది, సాంచాలు కూడా ఆగినట్టుంటాయి. "ఆఖరిసారి మందు ఎక్కిచ్చే ముందు, బాలామణీ, నీకు కావాల్నా వద్దా అని ఒక్కలన్న అడిగిన్రా? అడిగితే వద్దందును. ఇంట్ల ఎండకు కూసోని రజిత బిడ్డకు నూనె రాసుకుంట ఉందును. పురుడుకు సుత నా బిడ్డను రానియ్యకపోతిరి."

రజిత ఆమె ఒక్కగానొక్క కూతురు. పుట్టే పిల్లకు అంటుకుంటుందని చెప్పి నర్సవ్వ అత్తమ్మే అడ్డం పడి, ఏదో సాకు చెప్పి ఆ పురుడు భివండీలోనే చేయించింది. చివరిచూపుకు వచ్చేసరికి గుడ్డ కప్పి, అల్సర్‌తో నీరసించి గుండె ఆగిందని చెప్పారు.

"నాకు వాళ్ళందరి మీద అసహ్యం, చిన్నమ్మా. ఆ కంచాలు, ఆ కొంగులు, పండ్లు పట్టుకొచ్చి మంచానికి ఆమడదూరంల పెట్టిపోయేటోళ్ళు. తల్సుకుంటే అన్నం దిగదు."

"దిగకపోతే దిగకపాయె. నేను సచ్చి ఇన్నొద్దులాయె, నువ్వు ఇంకా ఉమ్ముకుంటనే కూసున్నవ్. నా బిడ్డకు జెప్పినవా?"

"చిన్నాయన ఒట్టేయించుకున్నడు."

"ఆయనకున్నయా రొమ్ములు? నా బిడ్డకున్నయి." నా కుడిచెయ్యి అందుకుంటుంది, ఆమె వేళ్ళు వెచ్చగా, బీడీలు చుట్టి చుట్టి గరుకుగా ఉన్నాయి. గౌను పక్కకు జరిపి నా చేతిని చంక కిందికి తీసుకుపోతుంది, అక్కడ పుండు లేదు, చర్మం మామూలుగా ఉంది. "గిక్కడ మొదలైంది, శనగగింజంత. సిగ్గుకు ఎవ్వలకు సూపియ్యలే, అది నా తప్పు, నెత్తినేసుకుంట. వేళ్ళు నిలవెట్టకు. చదునుగ పెట్టి గుండ్రంగ తిప్పు. ఆ, గట్ల. గిది రజితకు నేర్పు. నువ్వు సుత మా అక్క కడుపులకెళ్ళి వచ్చినదానివే, మర్సిపోకు."

"బాలామణి తరఫు వాళ్ళు!" నర్సు మళ్ళీ అరుస్తుంది.

చిన్నమ్మ బల్ల మీదినుంచి దిగుతుంది, నేలమీది గుడ్డను తొక్కకుండా పక్కకు జరిపి, గౌను సర్దుకుంటుంది. "తరఫు గిరఫు ఎందుకమ్మా, బాలామణిని నేనే. ఏదున్నా నాకు జెప్పున్రి" అంటూ ఒక్కతే లోపలికి పోతుంది, నేను ఆమె గాజులు పట్టుకొని హాల్లోనే ఉండిపోతాను.

కళ్ళు తెరిస్తే ఆదివారం మధ్యాహ్నం, చాప మీద ఉన్నాను. నా కుడిచెయ్యి జాకెట్టు లోపల, ఎడమ చంక కింద ఉంది, వేళ్ళు చదునుగా ఆనించి. ఏమీ తగల్లేదు. చేతికి అందనిది మిషన్‌కు కనపడుతుందని నాకు తెలుసు, రేపు ఆసుపత్రికి పోతాను. ఇప్పుడు మాత్రం ఫోన్ తీసి భివండీకి కలిపాను.

"ఏందక్కా, ఈ యాల్ల చేసినవ్? పిల్ల ఇప్పుడే పండుకున్నది."

"రజితా, అమ్మకు అయింది రొమ్ము క్యాన్సర్."

"అల్సర్ అన్నరు గదా."

"అబద్ధం."

తిట్టింది. వాళ్ళ నాన్నను, నర్సవ్వ అత్తమ్మను, అందరికంటే ఎక్కువ నన్ను. తిట్లన్నీ విని, డాక్టరమ్మ చెప్పిన రక్తపరీక్ష చేయించుకోమన్నాను. ఏడ్చి ఏడ్చి గొంతు పోయాక అడిగింది, "ఏం పరీక్షక్కా అది? పేరు జెప్పు."

చెప్పాను. మీకూ ఒక పేరు చెబుతున్నాను. గుండేటి బాలామణి, సిరిసిల్లలో బీడీలు చుట్టేది, నవ్వితే పొట్ట పట్టుకొని నవ్వేది. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమెను గుర్తుపెట్టుకోండి, ఆమె ఎట్లా పోయిందని ఎవరైనా అడిగితే జబ్బు పేరు గట్టిగా పలికి చెప్పండి.