ఎఫ్ వన్ నొక్కి టీకి పోయేవాడు

నేను ఒక లాప్‌టాప్‌ని. ముసలిదాన్ని, నల్లదాన్ని, రెండున్నర కిలోల బరువుదాన్ని. ఇలా కథ చెప్పుకునే వస్తువులు చివరికి యజమానిని తలుచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకోవడం రివాజు. నా దగ్గర ఆ ముచ్చట లేదు. నా యజమాని కుళ్ళాయప్ప అంటే నాకు గిట్టదు. ఎందుకు గిట్టదో చెప్పడానికే నోరు తెరిచాను.

నన్ను సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీలో నీలం టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు బారుగా నిలబడి బిగించారు. చివర్లో నిలబడ్డ ఆవిడ నన్ను మొదటిసారి ఆన్ చేసి, గడియారం చూసి, ముప్పై రెండు సెకన్లని ఒక చీటీ మీద రాసింది. ఆ తర్వాత బెంగళూరులో ఒక ఆఫీసులో ఐదేళ్ళు పనిచేశాను. అక్కడి మనిషి నన్ను ముద్దు చెయ్యలేదు, తిట్టనూ లేదు. పని అయ్యాక మూత మూసి ఇంటికి పోయేవాడు. అంతకంటే మర్యాదైన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ ఆఫీసు కొత్త యంత్రాలు తెచ్చుకుని మమ్మల్ని గంపగుత్తగా వదిలించుకుంది. అలా తిరిగి తిరిగి ధర్మవరంలో కుళ్ళాయప్ప డిజైన్ షాపుకు చేరాను.

పట్టుచీర అంచు మీద నెమలి రావాలంటే ముందు ఆ నెమలిని ఎవరో గళ్ళ కాగితం మీద గియ్యాలి. ఏ గడికి ఏ పోగు లేవాలో లెక్క కట్టాలి. ఆ లెక్క ప్రకారం అట్టలకు చిల్లులు పొడుస్తారు. ఆ అట్టలను మగ్గం పైన తగిలిస్తే కింద నెమలి దానంతటదే పడుతుంది. కుళ్ళాయప్ప ఒకప్పుడు ఆ గళ్ళను పెన్సిలుతో నింపేవాడు. నేను వచ్చాక పెన్సిలు మానేశాడు. పదకొండేళ్ళుగా ఊళ్ళో సగం మగ్గాల అంచులు నా పొట్టలో ఉన్నాయి. వాటికి రెండో కాపీ లేదు.

నా పొట్టలో అన్నాను కదా, అది నేను కాదు. అది హార్డ్ డిస్కు, నాలో అద్దెకుండే ఒక గుండ్రటి పళ్ళెం. నేను అది కూర్చున్న ఇంటిని. పొద్దున్నే కరెంటు రాగానే మొదట మేలుకునేది నేనే. అద్దెకున్నవాడు బాగున్నాడా లేదా అని తలుపు తట్టి చూసేదీ నేనే.

ఎనిమిది నెలల కిందట ఒక పొద్దున తట్టి చూస్తే వాడు బాగాలేడు. పళ్ళెం మీద అక్కడక్కడా గీతలు పడ్డాయి. ఒక్కో చోట చదివిందే పదిసార్లు చదవాల్సి వస్తోంది. నేను చెయ్యవలసింది చేశాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో నాలుగు వరసల్లో చెప్పాను. డిస్కు త్వరలో పోబోతోంది. అందులో ఉన్నవాటిని వెంటనే వేరేచోట దాచుకోండి. డిస్కు మార్పించండి. ముందుకు పోవాలంటే ఎఫ్ వన్ నొక్కండి.

ఇంగ్లీషులో చెప్పాను, నాకు వచ్చిన భాష అదే మరి. కుళ్ళాయప్ప గాభరాపడి ఎదురుగా జిరాక్స్ షాపు నడిపే సుబ్బరాయుణ్ణి కేకేశాడు. సుబ్బరాయుడు చేతిలో కాగితాలు వదలకుండానే వచ్చి, పై మూడు వరసలూ వదిలేసి చివరిది చూశాడు.

“ఎఫ్ వన్ నొక్కమంటాంది, నొక్కు సామీ. దానికింత గాబరా ఏల?” అన్నాడు.

కుళ్ళాయప్ప నొక్కాడు. నేను తెరుచుకున్నాను. ఆ రోజుతో నా మాటకు విలువ పోయింది.

అప్పట్నుంచి అదొక తంతు. పొద్దున్నే షట్టర్ ఎత్తి, దేవుడి పటానికి చూపించిన అగరువత్తినే నా చుట్టూ మూడుసార్లు తిప్పి, మూతను కళ్ళకద్దుకుని, ఆన్ చేసి, నేను మాట్లాడ్డం మొదలుపెట్టగానే ఎఫ్ వన్ నొక్కి టీకి పోయేవాడు. నాకు దణ్ణం పెట్టినవాడు నా మాట వినలేదు. పూజ చేసేవాళ్ళందరూ ఇంతేనేమో, నాకు తెలియదు, నాకు తెలిసిన పూజారి మాత్రం ఇతనే.

మూడు నిమిషాల్లో తెరుచుకునేదాన్ని ఎనిమిది నిమిషాలకు వచ్చాను. తర్వాత పన్నెండు. అప్పుడు మొదలైంది వైద్యం. సుబ్బరాయుడు వైరస్ అన్నాడు. ఒక కాపలా ప్రోగ్రాం ఎక్కించాడు, అది చాలదని ఇంకోటి ఎక్కించాడు. తెల్లారి లేస్తే ఆ రెండూ ఒకదాన్నొకటి దొంగ అనుకుని నా పొట్టలో కుమ్ములాడుకునేవి. పదిహేను నిమిషాలయింది. దసరాకి ఆయుధపూజ చేసి కుంకుమ చల్లితే అది ఫ్యాను రంధ్రాల్లోకి పోయింది, ఊపిరాడక కాగిపోయాను. చివరికి కుళ్ళాయప్ప తానే ఒక కారణం కనిపెట్టాడు. నేను దక్షిణం వైపు చూస్తున్నానట. బల్ల తిప్పి నన్ను తూర్పు ముఖంగా కూర్చోబెట్టాడు. ఇరవై నిమిషాలు.

ఇన్ని చేసినవాడు ఆ నాలుగు వరసలు ఒక్కసారి ఎవరిచేతనైనా చదివించుకోలేదు. అందుకే నాకు ఒళ్ళు మంట.

ఆదెమ్మ వచ్చింది ఆ ఇరవై నిమిషాల రోజుల్లోనే. ఒంటి మగ్గం మీద బతికే మనిషి, యాభై దాటింది. సంచిలోంచి అట్టలు తీసి బల్ల మీద పరిచింది. ఎలుకలు కొరికేశాయి, చిల్లు ఏదో కొరుకుడు ఏదో తెలియకుండా పోయింది. ఆ అంచు ఎక్కడినుంచో ఎత్తుకొచ్చింది కాదు. ఆరేళ్ళ కిందట ఆమె ఈ షాపులోనే రెండు రోజులు కూర్చుని, చింతాకు ఇలా వంగాల, కాయ ఇక్కడ వేలాడాల అని చెప్పి గీయించుకున్న చింతకొమ్మ అంచు. బజారులో ఆమె చీరను ఆ అంచుతోనే గుర్తుపట్టేవారు. పెద్ద షాపులవాళ్ళు అడిగినా ఆ డిజైను ఎవరికీ ఇవ్వలేదు.

“అన్నా, మగ్గం నిలబడి పన్నెండు దినాలాయ. అంచు మళ్ళా తీసియ్యి. అట్టలు కొత్తవి కొట్టించుకుంటా,” అంది.

“ఎంతసేపు ఆదెమ్మా, కూర్చో. ఇది తెరుచుకునేదే కొంచెం నిదానం,” అన్నాడు కుళ్ళాయప్ప.

నేను తెరుచుకునేసరికి ఆమె రెండు టీలు తాగింది. చింతకొమ్మను తెరవబోతే సగం కొమ్మ దగ్గర ఆగిపోయాను. గంటసేపు చూసి కుళ్ళాయప్ప తల గోక్కున్నాడు. ఆదెమ్మ ఒప్పుకోలేదు. పని తెలిసినవాళ్ళను పిలిస్తేగానీ కదలనని గడప బయట బెంచీ మీదే కూర్చుంది. అప్పుడు పిలిచాడు మస్తాన్‌ని.

మస్తాన్ బస్టాండు వెనక రిపేరు షాపు పెట్టుకున్న నలభై ఏళ్ళ మనిషి. వచ్చాడు, నన్ను ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. నేను నా నాలుగు వరసలూ చెప్పాను. కుళ్ళాయప్ప వేలు ఎఫ్ వన్ మీదికి పోబోయింది. మస్తాన్ ఆ చెయ్యి పట్టుకుని పక్కకు పెట్టాడు. కళ్ళజోడు సర్దుకుని మొదటి వరస నుంచి చదివాడు. ఎనిమిది నెలల తర్వాత నన్ను చదివిన మొదటి మనిషి. ఆ మనిషి మీద నాకు కోపం లేదు అప్పటికి.

“ఎన్నాళ్ళ నుంచి చెప్తాండాది ఇది?” అన్నాడు.

“ఏమో, దసరాకు ముందు నుంచి. అది అట్లే అంటాదిలే,” అన్నాడు కుళ్ళాయప్ప.

మస్తాన్ నన్ను ఆపేసి, వైరు పీకి, మెల్లిగా చెప్పాడు.

“అన్నా, డిస్కు పోతాంది. ఇంగ ఒగసారి తిరిగేదానికి మాత్రమే ఓపిక ఉండాది. ఆ ఒగసారిలో నేను అన్నీ కాపీ తీసుకోవాల. రేపు పదకొండుకు కొత్త డిస్కు తెస్తా. అంతవరకు దీన్ని ముట్టుకోవద్దండి.”

“ముట్టుకోనులే.”

“నా అంచు వస్తాదా?” అంది ఆదెమ్మ, అప్పుడే బెంచీ మీంచి లేచి లోపలికి వచ్చి.

“ముట్టుకోకుంటే వస్తాదమ్మా.”

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు షట్టర్ లేచింది. అగరువత్తి మూడుసార్లు తిరిగింది. మూత కళ్ళకు తగిలింది. వైరు గుచ్చుకుంది, బటన్ నొక్కుకుంది. అతను కావాలని చేశాడని నేను అనను. అతని బుర్ర ఎక్కడో ఉంది, చేతులు మాత్రం షాపులో ఉన్నాయి. నేను నా శాయశక్తులా ఆ నాలుగు వరసలూ తెర మీద నిలబెట్టాను. అంతకుమించి నాకు గొంతు లేదు. ఎఫ్ వన్ నొక్కి టీకి పోయాడు.

లోపల పళ్ళెం తిరగడం మొదలైంది. దాన్ని చదివే సూది దాని మీదికే ఒరిగిపోయింది. టక్, టక్, టక్ అని కొట్టుకుంది. చింతకొమ్మ, నెమళ్ళు, గోపురాలు, పదకొండేళ్ళ అంచులన్నీ సన్నటి పొడిగా రాలడం నాకు వినబడింది. అతను మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చేసరికి నా తెర నల్లగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. గబగబా వైరు పీకి, ఆన్ చెయ్యనే లేదన్నట్టు మూత మూసి పక్కకు నిలబడ్డాడు.

పదకొండుకు మస్తాన్ వచ్చాడు. నా కింద చెయ్యి పెట్టి చూశాడు. ఇంకా వెచ్చగానే ఉన్నాను. కుళ్ళాయప్ప ముఖం చూశాడు. కుళ్ళాయప్ప గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. మస్తాన్ డిస్కు ఊడదీసి, చెవి దగ్గర పెట్టి ఊపి, బల్ల మీద పెట్టేశాడు.

ఆదెమ్మ చెప్పులు గడప బయట విడిచి లోపలికి వచ్చింది.

“వచ్చిందా అన్నా?”

కుళ్ళాయప్ప నా మూత మీద అరచేత్తో ఒకటి చరిచాడు.

“దొంగముండ ఆదెమ్మా ఇది. మంచిగా నడుస్తా నడుస్తా, ఒగ మాట చెప్పకుండా నట్టేట ముంచె. ముందుగా ఒగ మాట చెప్పింటే నేను జాగ్రత్త పడనా?”

ఆమె అతన్ని నమ్మలేదు. నేరుగా మస్తాన్ వైపు తిరిగింది.

“నువ్వు చెప్పు నాయనా. ఇది నిజంగా ఏమీ చెప్పలేదా?”

మస్తాన్ నిన్న చదివాడు. నాలుగు వరసలూ, మొదటినుంచీ, వేలు పెట్టుకుని మరీ చదివాడు. ఆ షాపులో నా తరపున మాట్లాడగలిగిన మనిషి అతనొక్కడే. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

“కొన్ని మిషన్లు చెప్పవమ్మా,” అన్నాడు.