విరుగుడుకు అడ్డుపడ్డ గేటు

నడుం నొప్పికి ఒక మాత్ర వేసుకుంటే తప్పేమిటని మీరూ నేనూ అనుకుంటాం. మెక్సికో సరిహద్దు ఊరైన మెహికాలి నుంచి రోజూ సరిహద్దు దాటి కాలిఫోర్నియా పొలాల్లో లెట్యూస్ ఆకుకూర కోసే కూలీలూ అలాగే అనుకున్నారు. డబ్బా అంతా ఎందుకని మందుల షాపులో మాత్రలు విడిగా కొంటారు. సరిహద్దు గేటు దగ్గర వరసలో నిలబడి పంచుకుని మింగుతారు. ఆ కూలీల్లో క్రిసాంతా ఒకతె. ఆమె తమ్ముడు నబోర్‌కూ అదే అలవాటు.

ఆ మధ్యాహ్నం పని ముగించి వస్తుంటే, గేటు దాటకముందే, అమెరికా వైపున ఒక ఆసుపత్రి నర్సు క్రిసాంతా చేతిలో చిన్న పెట్టె పెట్టబోయింది.

"విడి మాత్రల్లో ఫెంటనిల్ అనే ప్రాణం తీసే మత్తుమందు కలుపుతున్నారమ్మా. ఎవరికైనా ఊపిరి ఆగితే ఈ మందు ముక్కులో కొట్టండి."

"వద్దు తల్లీ! మా వైపు డాక్టరు చీటీ లేకుండా ఇది ఉంటే పట్టుకుంటారట. నాకెందుకొచ్చిన గొడవ?"

"మా అక్క కస్టమ్స్ వాళ్లు కనబడితే సంచిలో టమాటాలకు కూడా సంజాయిషీ ఇస్తుంది" అని నవ్వి, నబోర్ జేబులోంచి ఒక మాత్ర తీసి నోట్లో వేసుకున్నాడు.

ఒకవైపే తిరిగే ఇనుప గేటు దాటి మెక్సికోలోకి కొంచెం దూరం నడిచారో లేదో నబోర్ కూలబడ్డాడు. పెదాలు నీలంగా మారాయి. గురకలాంటి చప్పుడు వచ్చి, తర్వాత అదీ ఆగింది.

క్రిసాంతా వెనక్కి పరుగెత్తింది. గేటు తిరగలేదు. అటు వెళ్లాలంటే రెండు గంటల వరస. కడ్డీలు పట్టుకుని గొంతు చించుకుని అరిచింది. నర్సు అప్పటికే వెళ్లిపోయింది. వద్దన్నది తన నోరే కదా అని గుండె బాదుకుంది.

ఏడుస్తూ తిరిగొచ్చేసరికి నబోర్ పక్కన దోన్యా తొమాసా మోకాళ్ల మీద ఉంది. కూలీల ముఠాలో పెద్దావిడ. జపమాల వదలదని అందరూ ఆటపట్టించేవాళ్లు. తలగుడ్డ మడతలోంచి తీసిన మందు అతని ముక్కులో కొట్టి, నోటితో ఊపిరి ఊదుతోంది.

"రారా నాయనా, రా!"

మూడు నిమిషాలు గడిచాయి. నబోర్ దగ్గి గాలి పీల్చాడు. క్రిసాంతా ముసలావిడ కాళ్ల మీద పడింది.

"లేవే. దీని బలం కాసేపే, మళ్లీ ఊపిరి ఆగొచ్చు. అంబులెన్సుకు ఫోన్ చేశారు, అది వచ్చేదాకా వాణ్ణి పలకరిస్తూ ఉండు."

"ఈ మందు నీకెక్కడిది?"

"ఇలాంటి మాత్రకే మనవరాలు పోయినప్పటి నుంచీ దొంగచాటుగా తెస్తున్నా." ఆమె నబోర్‌ను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టింది. "విషం దర్జాగా వీడి జేబులోకి వచ్చి కూర్చుంది. ప్రాణం పోసే మందు తేవడానికి మాత్రం నేను దొంగనవ్వాల్సొచ్చింది. పోలీసులు అడిగితే ఇదే చెప్తా. విషాన్ని ఆపలేని సరిహద్దు, కనీసం విరుగుడుకైనా అడ్డం రాకూడదు!"