కెంపమ్మ పేరు వేసిన వార్త

మా కాలేజీ పత్రిక నాలుగు పేజీలది. నెలకొకసారి విద్యార్థులమే రాసి, అచ్చు వేయించి, హాస్టళ్లలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పంచుతాం. అందులో తెలుగు పేజీ నాది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. రాసే ప్రతి మాటా నిజమై ఉండాలని, చెప్పినవాళ్ల పేరూ ఊరూ తప్పకుండా వేయాలని పట్టుదలగా ఉండేదాన్ని. పేరు వేయడం మర్యాద అనుకునేదాన్ని.

ఆగస్టులో అమ్మాయిల హాస్టల్లో పదకొండు మందికి వాంతులయ్యాయి. నీళ్ల ట్యాంకు మూత విరిగి ఆరు నెలలైందని, లోపల చచ్చిన పావురాలు తేలుతున్నాయని హాస్టల్ ఊడ్చే కెంపమ్మ నాకు చెప్పింది.

“నీ పేరు వేస్తాను కెంపమ్మక్కా.”

“వేయి పాపా. నాకు చదవను రాకపోయినా మా మేకలు నమిలి చూస్తాయిలే. ఊరు ఉద్దనపల్లి అని రాయి. మీ ఊరు వేప్పనపల్లి అని రాసేవు!”

పత్రిక వచ్చిన మర్నాడే ట్యాంకు కడిగి కొత్త మూత వేశారు. మా సంతోషంలో మేమున్నాం. కెంపమ్మ పనికి రావడం లేదని నాలుగు రోజులకు గానీ నేను గమనించలేదు. బస్సెక్కి ఉద్దనపల్లి వెళ్లాను.

“నాగేశప్ప రావద్దన్నాడు,” అంది. నాగేశప్ప ఊడ్చేవాళ్ల సూపర్‌వైజరు. “నేను చెప్పలేదని పేపర్లో వస్తేనే పనంట. అట్లనే రాసెయ్ పాపా.”

“నువ్వు చెప్పినావు కదక్కా?”

“చెప్పినాను. నిజమే చెప్పినాను. ఆ నిజం పట్టుకొని నేను యాడికి పోవల్ల? నాకు యాభై దాటినాయి. గులాబీ తోటల్లో కూలికి కూడా నన్ను పిలవరు.”

“మరి ట్యాంకు సంగతి?”

“ట్యాంకు కడిగినారు కదా. ఇంక నన్ను కడగొద్దు.”

పేజీలు కూర్చే తిలక్ ఒప్పుకోలేదు. “ఇట్ల రాస్తే రేపు మనల్ని నమ్మేదెవరు? నిన్ను అబద్ధాలకోరంటారు సుధామణీ.”

“అననీ.”

మూడే వాక్యాలు రాశాను. ‘ట్యాంకు గురించి కెంపమ్మ ఏమీ చెప్పలేదు. ఆమె పేరు నేనే కల్పించి వేశాను. తప్పు నాది.’ కింద నా పేరు. మూత విరిగిందన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు. నేను అచ్చులో రాసిన మొదటి అబద్ధం అది. పత్రిక చూసే సారు నన్ను ఆ పేజీ నుంచి తప్పించారు.

సోమవారం కెంపమ్మ పనిలోకి వచ్చింది.

మరుసటి నెల, నా పేజీ తీసుకున్న శక్తి, మెస్సులో నేను కూర్చున్న బల్ల దగ్గర ఊడుస్తున్న ఆమెను బియ్యంలో పురుగుల గురించి అడిగింది.

“నాకేం తెల్దమ్మా. నేను ఊడ్చేదాన్ని.”

చీపురు ఆగలేదు. శక్తి నా వైపు చూసింది. నేను కాళ్లు పైకెత్తి, కెంపమ్మ బల్ల కింద ఊడ్చుకోవడానికి చోటిచ్చాను.