మూడు సైట్లలో ఒకే ఉత్తరం

ఆగస్టు మొదటి సోమవారం తెల్లవారుతూనే ఐదింటికి హామిష్ ఫోన్ చేశాడు. మాకు ఐదంటే న్యూజిలాండ్‌లో ఆయనకు తొమ్మిది. నెల్సన్‌లో భార్య ఫియోనాతో కలిసి తేనెటీగలు పెంచేవాళ్లకు కావలసిన పెట్టెలు, చట్రాలు, ముసుగులు అమ్ముతాడు. నేను సముద్రం ఇవతల మా దీవుల దేశంలో, ఇలోయిలో అనే రేవుపట్నంలో మా మేడ మీద గదిలో కూర్చుని రెండేళ్లుగా ఆయన కస్టమర్లకు జవాబులు రాస్తున్నాను. నా పేరు జోవెలిన్. నన్ను ‘మేడమ్’ అనొద్దని నేనూ, తనను ‘సర్’ అనొద్దని ఆయనా ఒకరికొకరం చెప్పుకుని చాలాకాలమైంది. ఆయన మాట నిలబెట్టుకున్నాడు, నా వల్లే కాలేదు.

తమ దేశంలో సెప్టెంబరులో వసంతం మొదలవుతుందనీ, ఆర్డర్లు మూడింతలవుతాయనీ, ఇంకో ఇద్దరు పూర్తికాలం పనిచేసేవాళ్లు కావాలనీ చెప్పాడు. ఇలా దూరదేశాల నుంచి పనిచేసేవాళ్లను వెతికిపెట్టే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి కదా, వాటిలో ఏది మంచిదో పోల్చి చూసి చెప్పమన్నాడు. రెండు వారాలు గడువు.

“నాకు చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. నువ్వు అవతలి వైపు నుంచి వచ్చావు. నీకే తెలుస్తుంది,” అన్నాడు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాను. అలాంటి సైట్లలో నా ఫొటో, నా వివరాలు పెట్టుకుని ఎవరైనా నన్ను ఎంచుకుంటారా అని ఏడు నెలలు ఎదురుచూసినదాన్ని నేను. ఇప్పుడు ఆ సైట్లే నా ముందు వరస కట్టి నిలబడ్డాయి. ఒళ్లంతా తేలిగ్గా అయిపోయింది.

ఎనిమిది సైట్లతో మొదలుపెట్టి బుధవారానికి మూడింటికి కుదించాను. పెద్ద కాగితం మీద గళ్లు గీసి ఎంతమంది మనుషులున్నారు, రుసుము ఎంత, నచ్చకపోతే డబ్బు తిరిగిస్తారా, మనిషి అసలువాడో కాదో ఎలా చూస్తారు అని రాసుకుంటూ పోయాను. గళ్లన్నీ నిండాయి గానీ ఏ సైటు మంచిదో మాత్రం తేలలేదు. అందరిదీ ఒకటే పాట. అందరి దగ్గరా లక్షల మంది ఉన్నారు. అందరూ ఆణిముత్యాలనే ఇస్తారు.

నేను జుట్టు పీక్కుంటుండగా నాంగ్ సియోనీ మెట్లెక్కి వచ్చింది. ఆవిడ మా పక్క సందులో ఉంటుంది. మాకంటే పెద్దది కనుక అందరం నాంగ్ అని పిలుస్తాం. యాభై ఒక్కేళ్ల మనిషి. గుయిమరాస్ దీవికి వెళ్లే పడవల రేవులో పంతొమ్మిదేళ్లు మైకులో వేళలు చెప్పింది, పడవ తప్పిపోయినవాళ్ల అరుపులు విన్నది. ఆవిడ పనిచేసిన చిన్న పడవల సంస్థ మూతబడి ఏడాది దాటింది. కూతురి పాత లాప్‌టాప్ మీద టైపింగు, లెక్కల పట్టికలు నేర్చుకుని ఆన్‌లైన్‌లో పని వెతుక్కుంటోంది. అప్పటికి ఒక్కచోట నుంచీ పిలుపు రాలేదు.

ఆవిడ నా గళ్ల కాగితాన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

“ఏంటే ఇందాయ్, ఫ్రిజ్ కొంటున్నావా?” తనకంటే చిన్న ఆడపిల్లలను ఆవిడ ముద్దుగా ఇందాయ్ అంటుంది.

సంగతి చెప్పాను. ఆ మూడు సైట్లలోనూ తను చేరి ఉన్నానని, వాటికి తను ముద్దుపేర్లు కూడా పెట్టుకున్నానని చెప్పింది. మొదటిది ‘మాల్’. గచ్చు తళతళలాడుతుంది, లోపల మనల్ని పలకరించేవాడు ఉండడు. రెండోది ‘టోకెన్ల కొట్టు’. ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా టోకెన్లు ఖర్చు పెట్టాలి. మూడోది ‘సంత’. చూడ్డానికి పాతబడ్డట్టు, గజిబిజిగా ఉంటుంది, కానీ ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు.

“వాళ్ల గురించి వాళ్లు రాసుకున్నదే చదివి మార్కులేస్తే ఏం తెలుస్తుంది? నువ్వు అమ్మేవాడి మాటే వింటున్నావు,” అంది.

ఆ మాటతో నాకు దారి దొరికింది. ఒకే ప్రకటనను మూడు సైట్లలోనూ ఒకే రోజు, ఒకే గంటకు పెడతాను. ఒకే పరీక్ష ఇస్తాను. ఏ సైటు ఎలాంటి మనుషుల్ని తెచ్చి నా ముందు నిలబెడుతుందో అప్పుడు చూస్తాను. హామిష్‌కి రాస్తే పది నిమిషాల్లో ఒప్పుకున్నాడు. మూడింటికీ ఒక నెల రుసుము కట్టాడు.

నాంగ్ సియోనీ మూడింట్లోనూ తనూ దరఖాస్తు పెడతానంది. పెట్టుకో, కానీ పరీక్ష ఏమిటో ముందుగా చెప్పను, మాట సాయమూ చేయను అన్నాను. ఆవిడ చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగింది.

“నిన్ను సాయం ఎవరడిగారే? నీ మొహం.”

పరీక్ష నేనూ ఫియోనా కలిసి తయారుచేశాం. ఒక కస్టమర్ కోపంగా ఉత్తరం రాసింది. ఆమె కొన్న తేనెటీగల పెట్టె రావలసిన రోజుకు రాలేదు. ఈలోపు ఆమె ఎదురుచూస్తున్న ఈగల గుంపు వచ్చేసి పెరట్లో నిమ్మచెట్టు కొమ్మకు వేలాడుతోంది. దానికి జవాబు రాయాలి, అంతే. ఇంకా ఒక చిన్న షరతు పెట్టాను. ఉత్తరం పైన తమకు నచ్చిన చెట్టు పేరు రాయాలి. ప్రకటన చివరిదాకా చదివారో లేదో దాంతో తెలిసిపోతుంది.

గురువారం తెల్లవారి ఆరింటికి మూడు సైట్లలోనూ ప్రకటన పెట్టాను. కాఫీ కలుపుకుని వచ్చేసరికి మాల్‌లో ముప్ఫై ఒక్క దరఖాస్తులు. పందేసాల్ రొట్టె తిని వచ్చేసరికి తొంభై. బయట వాన దంచికొడుతుంటే నేను గదిలో కూర్చుని అంకెలు పెరగడం చూస్తూ నవ్వుకుంటున్నాను. బగియో నుంచి, దవావో నుంచి, నేను పేరు కూడా వినని దీవుల నుంచి మనుషులు రాస్తున్నారు. నర్సులు, టీచర్లు, ఓడ వంటవాళ్లు. శుక్రవారం సాయంత్రానికి మాల్‌లో నాలుగువందల పన్నెండు, టోకెన్ల కొట్టులో ఎనభై ఎనిమిది, సంతలో నూటముప్ఫై తొమ్మిది దరఖాస్తులు చేరాయి.

మాల్‌లో నాలుగువందల పైచిలుకు మందిలో చెట్టు పేరు రాసినవాళ్లు అరవై మంది. ‘మీ అసౌకర్యానికి హృదయపూర్వకంగా చింతిస్తున్నాము’ అని అక్షరం పొల్లుపోకుండా ఒకేలా రాసినవాళ్లు నూటనలభై మంది. టోకెన్ల కొట్టులో రాసినవాళ్లు నేర్పరులే, కానీ సగం మందికి అప్పటికే మూడేసి ఉద్యోగాలున్నాయి. సంతలో చెత్త ఉంది, మెరుపులూ ఉన్నాయి. ఒకాయన పరీక్షకు జవాబుగా తన పెళ్లి ఫొటో పంపాడు.

పేర్ల వైపు చూడకుండా, జవాబులు మాత్రమే చదివి బాగున్నవి యాభై ఏరాను. పేర్లు, ఫొటోలు, ఊళ్లు తీసేసి ఒక్కోదానికి అంకె వేశాను. నేనైనా సరే ఎవరిది ఏదో గుర్తుపట్టకుండా ఉండాలని అంకెలు వేశాక రెండు రోజులు ఆగి మళ్లీ చదివాను. మంగళవారం హామిష్‌కి, ఫియోనాకి పంపాను.

ఆ యాభైలో పదిహేడో నంబరు జవాబు చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అందులో క్షమాపణ మొదట లేదు. ‘మేడమ్, మొదట ఈగల సంగతి. దగ్గర్లో అట్టపెట్టె ఉంటే దానికి గాలి ఆడేలా చిల్లులు పెట్టి, గుంపును మెల్లగా అందులోకి దించి నీడలో ఉంచండి. ఇది మా సహాయం పేజీలోనే ఉంది, బొమ్మలతో సహా ఇక్కడ పెడుతున్నాను. మీ పెట్టె ఎక్కడుందో కనుక్కుని నాలుగింటికి నేనే ఫోన్ చేస్తాను. కనుక్కోలేకపోయినా ఫోన్ చేస్తాను. ఇక తప్పు మాది. దానికి క్షమించండి.’ పైన చెట్టు పేరు మామిడి.

బుధవారం ఉదయం హామిష్ ఎంపిక వచ్చింది. ఇద్దరూ విడివిడిగా చదివారట. ఇద్దరూ రాసినవి అవే అంకెలు. పదిహేడు, నలభై నాలుగు.

అసలు పేర్ల జాబితా తెరిచాను. నలభై నాలుగు తుగెగరావ్‌లో జెరోమ్ అనే స్కూలు టీచరు. పదిహేడు, అసున్షియోన్ పల్మారెస్, ఇలోయిలో. అంటే నాంగ్ సియోనీ.

సంతోషంతో పెద్దగా అరిచానేమో, కింద మా అమ్మ ఏమైందని పిలిచింది. ఆ వెంటనే ఒక సంగతి తట్టింది. పోటీకి తీర్పు చెప్పేదాన్ని నేను, గెలిచింది మా పక్క సందు మనిషి. ఎవరు నమ్ముతారు?

అయితే ఇంకొకటి కూడా తోచింది. ఆవిడ ఉత్తరం నాకు సంతలోంచి వచ్చింది. మూడింట్లోనూ పెడతానంది కదా, మిగతా రెండింట్లో నాకెందుకు కనబడలేదు? మాల్‌లోకి వెళ్లి వెతికాను. ఎంతో లోపల, ‘మీకు సరిపడనివారు’ అని ఒక గంప ఉంది. ఇన్ని రోజులుగా దాన్ని నేను తెరవనే లేదు. ఇంతకు ముందు ఆ సైటులో పనిచేయని వాళ్లకు మార్కులుండవు, మార్కులు లేనివాళ్లను సైటే అందులో పడేస్తుంది. ఆవిడ అక్కడుంది. అదే ఉత్తరం, అదే మామిడిచెట్టు. టోకెన్ల కొట్టులో ఎంత వెతికినా దొరకలేదు.

గొడుగు కూడా తీసుకోకుండా పక్క సందుకు పరుగెత్తాను. నాంగ్ సియోనీ బియ్యం కడుగుతోంది. టోకెన్ల సంగతి అడిగాను. కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే టోకెన్లలో నాలుగే మిగిలాయట, మా ఉద్యోగానికి ఆరు కావాలి. కొనుక్కోవాలంటే ఆ సైటు బ్యాంకు కార్డు అడిగింది, ఆవిడకు కార్డు లేదు. అప్పుడు హామిష్ ఎవరిని ఎంచుకున్నాడో చెప్పాను.

ఆవిడ బియ్యం గిన్నె కింద పెట్టి, చేతులు తుడుచుకుని, అక్కడే ముక్కాలిపీట మీద కూర్చుండిపోయింది. నా వైపు తిరిగింది.

“మనం ఇరుగుపొరుగని ఆయనకు తెలుసా?”

తెలియదన్నాను.

“ముందు అది చెప్పెయ్. ఇప్పుడే చెప్పు. తర్వాత తెలిస్తే నీ పని కూడా పోతుంది.”

“చెబితే నీకొచ్చింది పోతుందేమో.”

“పోతే పోనీ. నిన్నటిదాకా లేనిదేగా.”

ఆవిడ వంటింట్లోంచే హామిష్‌కి ఫోన్ చేశాను. దాచకుండా అంతా చెప్పాను. ఆవిడ ఎవరో, నాకెంత కాలంగా తెలుసో, మూడు సైట్లలో ఆవిడ ఉత్తరానికి ఏమైందో. ఆయన ఫియోనాను దగ్గరికి పిలవడం వినిపించింది.

“నువ్వు బయటికి వెళ్లు. ఆవిడతో మేమిద్దరం మాట్లాడతాం. నువ్వు వినకూడదు,” అన్నాడు.

ఫోన్ స్పీకరు మీద పెట్టి ఆవిడ చేతికిచ్చి సందులోకి వచ్చాను. ఎదురింటి రేకుల చూరు కింద నలభై నిమిషాలు నిలబడ్డాను. పెడికాబ్ రిక్షావాళ్లు నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నారు. లోపలి నుంచి ఆవిడ గొంతు వినిపించేది, మాటలు అందేవి కావు. ఒకసారి ముగ్గురూ కలిసి నవ్వారు. ఆ నవ్వు విన్నాక వానలోనే సందు చివరిదాకా వెళ్లి వచ్చాను.

తలుపు తీసి ఆవిడ గడపలో నిలబడింది. మొహంలో ఏమీ తెలియడం లేదు.

“ఏమన్నారు నాంగ్?”

“ఫియోనా ఒక కోపిష్టి కస్టమర్‌లా నటించి నన్ను పావుగంట తిట్టింది. పాపం, ఆవిడకు తిట్టడం రాదు. రేవులో మనవాళ్ల తిట్లు విన్న చెవులివి.” ఆవిడ ఫోన్ నా చేతిలో పెట్టింది. “క్షమించమని ఎందుకు ముందు రాయలేదని హామిష్ అడిగాడు. పడవ తప్పిపోయినవాడికి కావలసింది తర్వాతి పడవ ఎప్పుడన్నది, మన ఏడుపు కాదు అన్నాను. సోమవారం చేరమన్నాడు.”

ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని నవ్వామో ఏడ్చామో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నేను ఆవిడను కూడా తడిపేశాను. కడిగిన బియ్యం అలా వదిలేసి ఇద్దరం ‘లా పాస్’ బజారుకు వెళ్లి వేడివేడి బచోయ్ నూడుల్స్ పులుసు తాగాం. రెండోసారి కూడా పులుసు అడిగి పోయించుకున్నాం.

ఆ సాయంత్రమే నా నివేదిక రాశాను. గళ్ల కాగితం జతచేశాను గానీ అసలు మాట మూడు వాక్యాల్లో చెప్పాను. ఒకే మనిషి ఒకే ఉత్తరాన్ని మూడు చోట్లకు పంపబోయింది. ఒకచోట దాన్ని మనకు చూపకుండా పక్కన పడేశారు, ఒకచోట గుమ్మం దగ్గరే ఆపేశారు. మూడోచోట మనమే చదువుకోవాలి, ఏరుకోవాలి, శ్రమ ఎక్కువ, కానీ మనిషి కనబడుతుంది. హామిష్ మిగతా రెండూ ఆపేసి సంతకు ఏడాది రుసుము కట్టాడు.

నాంగ్ సియోనీ చేరిన మూడో రోజునే, కంపెనీ పాతకాలం నాటి జవాబుల నమూనాలన్నీ ఉప్పులేని గంజిలా ఉన్నాయని హామిష్ మొహం మీదే అనేసింది. ఆయన తిరగరాయమన్నాడు. జెరోమ్‌కూ ఆవిడకూ కామాల దగ్గర రోజూ వాదనే. సెప్టెంబరు నెలాఖరుకు ఆర్డర్లు నిజంగానే మూడింతలయ్యాయి, ఒక్క ఉత్తరం కూడా మరుసటి రోజుకు మిగల్లేదు.

అక్టోబరులో హామిష్ ఇంకో నలుగురు కావాలన్నాడు. ఈసారి ఎంపిక పని పూర్తిగా నాదే, దానికి తగ్గ హోదా, జీతం కూడా అన్నాడు. ప్రకటన పెట్టిన రోజు తెల్లవారి నాంగ్ సియోనీ పందేసాల్ పొట్లంతో మా మేడెక్కి వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుంది. ఆరు కొట్టింది. సంతలోంచి మొదటి ఉత్తరం వచ్చింది, సురిగావ్‌లో ఎవరో ఒకావిడ. ఆవిడకు నచ్చిన చెట్టు పనస.

“చదువు, చదువు,” అంది నాంగ్ సియోనీ, కళ్లజోడు సర్దుకుంటూ.